ఎవరు ఓడాలో పరీక్ష తేలుస్తుంది, ఎందరు ఓడాలో ఎవరు తేలుస్తారు?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్ 26న వెలువడింది. పోస్టులు 503 కాగా, దరఖాస్తు చేసినవారు సుమారు 3.8 లక్షల మంది. ఒక్కో పోస్టుకు దాదాపు 755 మంది పోటీ పడ్డారన్నమాట. ఈ 3.8 లక్షల మందీ మంచి కోచింగ్ తీసుకున్నారని, ఫోన్ పక్కన పెట్టేశారని, రోజుకు పన్నెండు గంటల చొప్పున రెండేళ్లపాటు ఒక్క పూట కూడా వృథా చేయకుండా చదివారని అనుకుందాం. అప్పుడు కూడా ఉద్యోగం వచ్చేది 503 మందికే. మిగిలిన 3,79,500 మందికి రాదు. అందరూ బాగా చదివితే కటాఫ్ పెరుగుతుంది తప్ప, ఉద్యోగం రానివారి సంఖ్యలో ఒక్కటి కూడా తగ్గదు.

ఇంత సులభమైన లెక్క ఫలితాలు వచ్చిన రోజున ఎవరికీ గుర్తుకు రాదు. ఆ రోజు మెరిట్ లిస్టులో తన హాల్ టికెట్ నంబరు కనిపించని అభ్యర్థి మనసులో మెదిలేవి వేరే మాటలు. ఎకానమీ సరిగ్గా చదవలేదు, అన్నపెళ్లికి ఊరెళ్లి పది రోజులు పోగొట్టుకున్నాను, చివరి నిమిషంలో సరైన జవాబు మార్చేశాను, అసలు నాకు ఆ తెలివే లేదు. ఈ మాటల్లో కొన్ని నిజం కూడా కావచ్చు. కానీ ఏ పోటీ పరీక్షలోనైనా ఓటమికి సంబంధించి రెండు ప్రశ్నలుంటాయి. ఎవరు ఓడారు అన్నది మొదటిది, ఎందరు ఓడాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబులో అభ్యర్థి శ్రమకు, తెలివికి, ఆ పూట ఆరోగ్యానికి, అదృష్టానికి పాత్ర ఉంటుంది. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం అతడు పుస్తకం తెరవకముందే, ఆర్థిక శాఖ ఖాళీల భర్తీకి అనుమతి ఇచ్చినప్పుడే, ఖరారైపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో లక్షల మంది యువతీయువకులను లోలోపల తినేస్తున్న ఆత్మనింద, ఈ రెండో ప్రశ్నకు చెందిన భారాన్ని కూడా మొదటి ప్రశ్న ఖాతాలోనే రాసుకోవడం వల్ల పుడుతోంది.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లోనే ఈ తేడాను చూపించాడు. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే ఆ మనిషి స్వభావాన్ని, నైపుణ్యాన్ని పరిశీలించడం సబబేనని, ఐదు కోట్ల మంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే మాత్రం దానికి కారణాలు వ్యక్తుల్లో వెతికితే దొరకవని అతడు వాదించాడు. వాదన పాతదే అయినా ఇక్కడి పరిస్థితికి దాన్ని అన్వయించి చూడడం అవసరం. ఎందుకంటే ఇక్కడ ఎందరు ఓడాలో నిర్ణయించేది కనిపించని మార్కెట్ శక్తులు కావు. తేదీలు, జీవో నంబర్లు, సంతకాలు ఉన్న ప్రభుత్వ నిర్ణయాలు.

ఖాళీల సంగతే చూడండి. తెలంగాణ తొలి వేతన సవరణ సంఘం, అంటే సి.ఆర్. బిస్వాల్ సంఘం, తన నివేదికలో ఇచ్చిన లెక్కల ప్రకారం రాష్ట్రంలో మంజూరైన పోస్టులు 4,91,304. వాటిలో 1,91,126 అప్పటికి ఖాళీగా ఉన్నాయి. అంటే దాదాపు 39 శాతం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో ఉద్యమం నడిచి, 2014 జూన్ 2న ఏర్పడిన రాష్ట్రంలో గ్రూప్-1 నోటిఫికేషన్ పడడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది. 2022 మార్చి 9న శాసనసభలో 80,039 పోస్టుల భర్తీ ప్రకటన వచ్చేసరికి, రాష్ట్రం ఏర్పడినప్పుడు డిగ్రీ చదువుతున్నవారు ముప్పయ్యో ఏటికి దగ్గరపడ్డారు. ఆ మధ్యకాలంలో వాళ్లు గ్రూప్-1 రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, రాయడానికి ఆ పరీక్షే లేదు. అయినా ఇంట్లో, ఊళ్లో, పెళ్లి సంబంధాల దగ్గర ఆ ఏళ్లన్నీ వాళ్లు ‘ఖాళీగా ఉన్న’ ఏళ్లుగానే లెక్కకు వచ్చాయి.

ఉపాధ్యాయ నియామకాల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది 2025 జూన్‌లో. ఆ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు 3.3 లక్షల మందికి పైగా అభ్యర్థులు పోటీ పడ్డారు. తెలంగాణలో 2017లో టీఆర్టీ, అంటే ఉపాధ్యాయ నియామక పరీక్ష నోటిఫికేషన్ పడ్డాక, మళ్లీ పరీక్ష దాకా వచ్చిన డీఎస్సీ 2024 జులైలో జరిగింది. రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడేళ్ల విరామం. ఈ ఏడేళ్లలో బీఎడ్, డీఎడ్ కళాశాలలు మాత్రం ఏటా కొత్త బ్యాచ్‌లను బయటికి పంపుతూనే ఉన్నాయి. 2018లో బీఎడ్ పూర్తిచేసిన అమ్మాయి, 2024లో పూర్తిచేసిన అమ్మాయి ఒకే హాల్లో, పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని పరీక్ష రాశారు. మొదటి అమ్మాయి అప్పటికి ఏ ప్రైవేటు బడిలోనో కొద్దిపాటి జీతానికి ఏడేళ్లు పాఠాలు చెప్పి, బహుశా పెళ్లై, పసిబిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చి ఉంటుంది. ఇద్దరికీ వచ్చిన మార్కుల తేడాను ఇద్దరి తెలివిలో తేడాగా చదవడం అన్యాయం. కానీ మార్కుల పట్టిక చూపేది మార్కులనే, వాటి వెనుక ఉన్న సంవత్సరాలను కాదు.

ఏళ్లతరబడి ఏమీ లేకుండా గడిచిన కాలం తర్వాత నోటిఫికేషన్లు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. తెలంగాణ గ్రూప్-2 ఉదంతం దీనికి చక్కని నిదర్శనం. 783 పోస్టులకు 2022 డిసెంబరు 29న నోటిఫికేషన్ వెలువడింది. దరఖాస్తులు సుమారు 5.5 లక్షలు. పరీక్షను మొదట 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో జరపాలనుకున్నారు. అదే నెలలో గురుకుల ఉద్యోగాల పరీక్షలున్నాయి కాబట్టి వాయిదా వేయమని అభ్యర్థులు రోడ్డెక్కారు. నవంబరుకు మారింది, తర్వాత 2024 జనవరికి, ఆపైన ఆగస్టు 7, 8 తేదీలకు మారింది. ఈలోగా డీఎస్సీ పరీక్షలు ఆగస్టు 5 దాకా ఖరారయ్యాయి. రెండింటికీ చదువుతున్నవారికి మధ్యలో మిగిలింది ఒక్క రోజు. మళ్లీ హైదరాబాద్‌లో కోచింగ్ కేంద్రాలుండే అశోక్‌నగర్‌లో ఆందోళనలు, మళ్లీ వాయిదా. చివరకు పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. హాజరైనవారు దరఖాస్తు చేసినవారిలో సగం కూడా లేరు.

‘వీళ్లకు చదవడం చేతకాక వాయిదాలు అడుగుతున్నారు’ అన్న మాట ఆ రోజుల్లో బాగా వినిపించింది. ఏడేళ్లకోసారి వచ్చే డీఎస్సీని, ఎనిమిదేళ్లకోసారి వచ్చే గ్రూప్స్‌ను ఒకే వారంలో పెట్టినప్పుడు, ఏదో ఒకటి వదులుకోమనడం అభ్యర్థి మీద మోపిన నిర్ణయమే అవుతుంది. అయినా ఆ తర్వాత అతడు చెప్పుకొనేది మాత్రం ‘రెండు పడవల మీద కాళ్లు పెట్టాను, అందుకే పోయింది’ అని. పడవలు రెండింటినీ ఒకేసారి ఎవరు వదిలారన్న ప్రశ్న ఆ మాటలో ఎక్కడా లేదు.

గ్రూప్-1 సంగతి మరింత బాధాకరం. 2022 అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్‌కు, అంటే తొలి వడపోత పరీక్షకు, సుమారు 2.86 లక్షల మంది హాజరయ్యారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడడంతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ జరిగింది, ఈసారి రాసినవారు సుమారు 2.33 లక్షలు. బయోమెట్రిక్ హాజరు తీసుకోలేదన్న కారణం మీద హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే ఉపసంహరించి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్ 2024 జూన్ 9న, మెయిన్స్ అదే అక్టోబరులో జరిగాయి. మెయిన్స్ మూల్యాంకనంపై వేసిన కేసుల్లో 2025 సెప్టెంబరు 9న హైకోర్టు సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను రద్దు చేస్తే, అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపివేసింది, ఎంపికైనవారికి నియామక పత్రాలు కూడా అందాయి. ఆ కొద్ది వారాల్లో ఒకే అభ్యర్థి గెలిచి, ఓడి, మళ్లీ గెలిచాడు. అతడి జవాబుపత్రంలో మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు.

మొదటి ప్రిలిమ్స్‌కు, రెండో ప్రిలిమ్స్‌కు మధ్య తగ్గిన ఆ సుమారు 53 వేల మంది గురించి ఆలోచించాలి. వాళ్లలో కొందరు వేరే ఉద్యోగంలో చేరి ఉంటారు. కొందరికి హాస్టల్ ఫీజుకు డబ్బు అయిపోయి ఉంటుంది. కొందరు ఊరెళ్లి పత్తి చేలో పనికి దిగి ఉంటారు, కొందరికి పెళ్లైపోయి ఉంటుంది. లీకేజీ కేసులో నిందితులను దర్యాప్తు బృందం అరెస్టు చేసింది, కేసులు నమోదయ్యాయి. కానీ ఆ ఎనిమిది నెలల ఆలస్యాన్ని భరించలేక తప్పుకున్న మనిషి జీవితంలో ఆ లీకేజీ ఏ పేరుతో మిగిలింది? చాలామటుకు ‘నేను మధ్యలో వదిలేశాను’ అన్న పేరుతోనే. బయట జరిగిన నేరం లోపలికి వచ్చేసరికి వ్యక్తిత్వ లోపంగా వేషం మార్చుకుంటుంది.

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలోకి ఏ రోజు వెళ్లినా ఈ మార్పు ఎలా జరుగుతుందో దగ్గర నుంచి గమనించవచ్చు. లోపల కుర్చీ దొరకనివారు బయట చెట్టు కింద, మెట్ల మీద, గోడ వారగా కూర్చుని చదువుతుంటారు. చేతిలో ఇండియన్ పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, పేజీలు నలిగిన కరెంట్ అఫైర్స్ పత్రిక, పక్కన నీళ్ల సీసా. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం. ఇంటి నుంచి ఫోన్ వస్తే లేచి దూరంగా వెళ్లి మాట్లాడతారు. ‘ఏమైందిరా ఫలితం?’ అని అవతల తండ్రి. ‘రెండు మార్కులతో పోయింది నాన్నా’ అని ఇవతల కొడుకు. ‘సరేలే, ఈసారి గట్టిగా చదువు’ అని తండ్రి. తండ్రి కోప్పడలేదు, ప్రేమతోనే అన్నాడు. కానీ ఆ నాలుగు మాటల్లోనే తీర్పు ముగిసింది: పోయినసారి చదివింది గట్టిగా కాదు. ఐదెకరాల్లో సాగుచేస్తూ, నెలనెలా హాస్టల్‌కు ఐదారు వేలు పంపే మనిషికి బిస్వాల్ సంఘం లెక్కలు తెలియవు. తెలిసినా, కొడుకుతో ఫోన్‌లో మాట్లాడే మాటలు అవి కావు.

‘రెండు మార్కులతో పోయింది’ అన్న మాటకున్న బలం ప్రత్యేకమైనది. పరీక్ష ఓటమికి ఒక అంకె ఇస్తుంది, ఆ అంకె పూర్తిగా సొంతమనిపిస్తుంది. నిజానికి ఆ రెండు మార్కుల్లో కూడా ఎన్నో చేతులుంటాయి. ప్రాథమిక కీ వస్తుంది, అభ్యంతరాలు వెళ్తాయి, తుది కీలో కొన్ని జవాబులు మారతాయి, కొన్ని ప్రశ్నలను తొలగిస్తారు, వేర్వేరు పూటల్లో జరిగిన పరీక్ష అయితే నార్మలైజేషన్ చేస్తారు, అంటే ఒక పూట పేపరు కష్టంగా, ఇంకో పూట సులభంగా ఉన్న తేడాను మార్కుల్లో సర్దుతారు. లక్షల మంది రాసే పరీక్షలో కటాఫ్ చుట్టూ ఒక్కో మార్కు దగ్గర వందలు, వేల మంది గుమిగూడి ఉంటారు కాబట్టి, ఒక్క ప్రశ్న తొలగిస్తే కొన్ని వేల స్థానాలు తారుమారవుతాయి. అలాంటప్పుడు గీతకు అటూ ఇటూ ఉన్న ఇద్దరి మధ్య ప్రతిభలో చెప్పుకోదగ్గ తేడా ఉందనుకోవడానికి ఆధారం లేదు. ఒకరు మాత్రం డిప్యూటీ కలెక్టర్ అవుతారు, ఇంకొకరు ‘ఇంకా చదువుతూనే ఉన్నాడు’ అనిపించుకుంటారు.

ఓటమి ఎదురైతే తనను తాను నిందించుకోవడం మానవ సహజమని అనుకుంటాం కానీ, అది ఎంతమేరకు వ్యవస్థ తయారుచేసినదో చూపిన పరిశోధన ఒకటుంది. ఓఫర్ షరోన్ అనే సమాజశాస్త్రవేత్త అమెరికాలో, ఇజ్రాయెల్‌లో పని కోల్పోయిన విద్యావంతులైన ఉద్యోగులను పోల్చి, తన పరిశీలనలను 2013లో ప్రచురించాడు. ఎంత వెతికినా ఉద్యోగం దొరకనప్పుడు అమెరికన్లు తమలోనే ఏదో లోపముందని కుమిలిపోగా, ఇజ్రాయెలీలు నియామక పద్ధతినే తప్పుపట్టారు. కారణం జాతి స్వభావంలో లేదు, ఉద్యోగాలిచ్చే తీరులో ఉంది. అమెరికాలో పరిచయాలు పెంచుకోవడం, తనదైన ముద్రతో లేఖ రాయడం, ఎదుటివారితో మనసు కలవడం వంటివి కీలకం కాబట్టి తిరస్కరణ ‘నన్ను’ తిరస్కరించినట్టు తోచింది. ఇజ్రాయెల్‌లో నియామక ఏజెన్సీలు అనుభవం, అర్హతల జాబితాతో సరిపోల్చి వడబోస్తాయి కాబట్టి, తిరస్కరణ ఒక యంత్రం చేసిన పనిగా కనిపించింది.

దీన్నిబట్టి చూస్తే మన పోటీ పరీక్ష యంత్రంలాంటిదే కదా, ఆత్మనింద తక్కువ ఉండాలి కదా అనిపించవచ్చు. జరిగేది అందుకు విరుద్ధం. కంప్యూటర్ దిద్దే ఓఎంఆర్ షీట్‌కు ముఖం లేదు, పక్షపాతం లేదన్న నమ్మకమే దాని తీర్పుకు తిరుగులేని అధికారం ఇస్తోంది. ఇంటర్వ్యూలో పోతే ‘వాళ్లు తీసుకోలేదు’ అంటాం, రాతపరీక్షలో పోతే ‘నేను రాయలేకపోయాను’ అంటాం. ఈ యంత్రానికి చుట్టూ ఒక కథ కూడా అల్లి ఉంది: కష్టపడితే ఎవరైనా సాధించవచ్చన్న కథ.

ఆ కథను ప్రచారం చేసేవారికి దానితో గట్టి అవసరముంది. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గోడల నిండా, ఫ్లెక్సీల నిండా కనిపించే ర్యాంకర్ల ఫొటోలు చెప్పేది ఒక్కటే: మా దగ్గర చదివిన ఇతడికి వచ్చింది, నీకెందుకు రాదు? అదే తరగతి గదిలో, అదే ఫీజు కట్టి కూర్చున్న మిగతావారి ఫొటోలు ఎక్కడా ఉండవు. ర్యాంకర్ అక్కడ తీసుకున్నది పూర్తి కోచింగా, లేక ఇంటర్వ్యూకు ముందు రెండు మాక్ ఇంటర్వ్యూలా అన్నది కూడా చాలా ప్రకటనల్లో కనిపించేది కాదు. ఈ బెడద ఎంత ముదిరిందంటే, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చి, అభ్యర్థి ఏ కోర్సు చదివాడో చెప్పాలని, అతడి అనుమతి లేకుండా ఫొటో వాడరాదని నిబంధన పెట్టాల్సి వచ్చింది. నిబంధనలు ప్రకటనను సరిచేయగలవు. కానీ ఫలితం రాకపోతే లోపం విద్యార్థిదే, వస్తే గొప్ప సంస్థది అన్న లెక్క మాత్రం అలాగే ఉంది. ఓడినవాడు తనను తాను నిందించుకుంటేనే మళ్లీ ఫీజు కడతాడు, టెస్ట్ సిరీస్ కొంటాడు. ఆత్మనిందకు ఇక్కడ ఒక బజారు ఉంది.

పాతతరం ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ‘మనకు రాసిపెట్టి లేదు’ అనుకుని సర్దుకునేది. తలరాత మీద నమ్మకం మనిషిని నిష్క్రియుణ్ణి చేస్తుందన్న విమర్శ సరైనదే. అయితే అది ఓడినవాడికి కాస్త ఊపిరి తీసుకునే చోటు కూడా ఇచ్చేది. మెరిట్ మీద నమ్మకం ఆ చోటును తీసేసింది. గమనించాల్సింది మరొకటుంది: తలరాత తప్పును దేవుడి దగ్గరికి పంపుతుంది, మెరిట్ తప్పును మనిషి లోపలికి పంపుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సచివాలయం, సర్వీస్ కమిషన్, ముద్రణాలయం, పరీక్ష కేంద్రం రెండు నమ్మకాల్లోనూ కనిపించవు.

వ్యవస్థ తప్పు కళ్లెదుటే ఉన్నా ముందు తనమీద తనకే అనుమానం కలగడం ఎంత దూరం పోగలదో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ చూసింది. ఆ నెల 18న వెలువడిన ఇంటర్మీడియట్ ఫలితాల్లో, పరీక్ష రాసిన తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థుల్లో మూడు లక్షల మందికి పైగా తప్పారు. మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి సున్నాలు, పరీక్ష రాసినవారికి గైర్హాజరు గుర్తులు పడ్డాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక విద్యార్థినికి, మళ్లీ చూస్తే 99 మార్కులు ఉన్నాయి. ప్రభుత్వం నియమించిన ముగ్గురు సభ్యుల కమిటీ ఫలితాల ప్రక్రియలో లోపాలున్నాయని తేల్చింది, పునఃపరిశీలనలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పదిహేడేళ్ల పిల్లలకు బోర్డు తప్పు చేయగలదన్న ఆలోచన కలగాలంటే, అలాంటి ఆలోచనకు తావిచ్చే మాట అప్పటిదాకా ఎవరో ఒకరు వాళ్లకు చెప్పి ఉండాలి. బడిలో గానీ, కాలేజీలో గానీ, ఇంట్లో గానీ అలాంటి మాట వాళ్లు విన్నది అరుదు.

ఇదంతా చెప్పడం వ్యక్తి బాధ్యతను కొట్టిపారేయడానికి కాదు. తనను తాను ప్రశ్నించుకోవడంలో రెండు రకాలున్నాయని మనస్తత్వవేత్త రోనీ జానోఫ్-బుల్మన్ 1979లో విడదీసి చూపింది. చేసిన పనిని తప్పుపట్టుకోవడం ఒకటి, తన స్వభావాన్నే తప్పుపట్టుకోవడం మరొకటి. ‘జాగ్రఫీకి సమయం చాల్లేదు, వచ్చేసారి ముందుగా మొదలుపెట్టాలి’ అనడం మొదటిది. దానివల్ల పరిస్థితి తన చేతిలో ఉందన్న ధైర్యం మిగులుతుంది. ‘నేను దేనికీ పనికిరాను’ అనడం రెండోది, అది కుంగుబాటుతో ముడిపడి ఉంటుంది. ఒకటి రెండు ప్రయత్నాల దాకా అభ్యర్థులు మొదటి రకంలోనే ఉంటారు. చేయగలిగిన మార్పులన్నీ చేశాక కూడా ఫలితం మారకపోతే, మిగిలిన ఏకైక వివరణ రెండోదిగా కనిపిస్తుంది. 755 మందిలో ఒక్కరికి మాత్రమే దక్కే పోస్టు విషయంలో మెజారిటీ అభ్యర్థులను అక్కడికే చేర్చడం ఆ సంఖ్యలోనే ఇమిడి ఉంది. ఎందరు ఓడాలన్న ప్రశ్న ఎక్కడుందో తెలిస్తే మూడో వివరణ ఒకటి దొరుకుతుంది: పద్ధతి సరైనదే కావచ్చు, తెలివి సరిపోయినదే కావచ్చు, ఉన్న స్థలం చాలలేదు.

ఈ భారం అందరిమీదా సమానంగా పడదు. ఇంటి దగ్గర నుంచి నాలుగేళ్లు డబ్బు వచ్చేవాడికి నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, డిగ్రీ కాగానే కుటుంబాన్ని పోషించాల్సినవాడికి ఒకటో, ఒకటిన్నరో. ఆడపిల్ల ప్రయత్నాల సంఖ్యను వయోపరిమితి కన్నా ముందు పెళ్లి సంబంధం నిర్ణయిస్తుంది. వాయిదా పడిన ప్రతి ఆరు నెలలూ మగవాడికి ఆలస్యమైతే, ఆమెకు చాలాసార్లు ముగింపు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ప్రామాణికమైన పుస్తకాలు తక్కువ, ప్రశ్న అనువాదంలో తేడా ఉంటే ఆంగ్ల పాఠమే ప్రమాణం. ఇవి ఏవీ ఫలితాల పట్టికలోకి రావు. వచ్చేది ఒక్కటే అంకె.

నింద లోపలికి వెళ్లకపోతే పక్కకు వెళ్లే ప్రమాదం కూడా ఉంది. పోస్టు పోయిందన్న బాధ ‘రిజర్వేషన్ లేకపోతే వచ్చేది’ అని తోటి అభ్యర్థి మీదికో, ‘వేరే జిల్లా వాళ్లు వచ్చి తీసుకున్నారు’ అని లోకల్, నాన్‌లోకల్ తగాదాగానో మారుతుంది. వేలల్లో ఖాళీలు ఉంచి వందల్లో నింపినప్పుడు, ఆ వందలను ఎవరు పంచుకోవాలన్న కొట్లాటలో ఖాళీల సంగతే మరుగునపడిపోతుంది. తన మీద నింద వేసుకునేవాడూ, పక్కవాడి మీద వేసేవాడూ చూడనిది అదే.

ఇంత తక్కువ అవకాశం కోసం ఇంతమంది ఎందుకు ఎదురుచూస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. 2020 వేతన సవరణ తర్వాత తెలంగాణలో ప్రభుత్వోద్యోగి కనీస మూలవేతనం 19,000 రూపాయలు. దాని పక్కన చిన్న పట్టణంలో డిగ్రీ చదివినవాడికి దొరికే ప్రైవేటు కొలువును, అందులోని అభద్రతను పెడితే జవాబు తెలిసిపోతుంది. ఎదురుచూపు మూర్ఖత్వం కాదు, అందుబాటులో ఉన్న దారుల్లో అది మెరుగైన పందెం. నియామకాలు ఆగితే జనం వేరే దారి చూసుకుంటారన్న ఊహ కూడా నిలబడదు. తమిళనాడు ప్రభుత్వం 2001 నుంచి 2006 వరకు చాలా నియామకాలను నిలిపివేసిన కాలాన్ని ఆర్థికవేత్త కునాల్ మంగళ్ అధ్యయనం చేస్తే, ఆ కాలంలో పట్టభద్రులైన యువకులు ఉద్యోగాల్లో చేరడం తగ్గి, పరీక్షలకు సిద్ధమవుతూ గడపడం పెరిగిందని తేలింది. తలుపు మూసినకొద్దీ బయట వరుస పెరిగింది. ఆ సంవత్సరాల నష్టం తర్వాతి జీవితంలోని సంపాదన మీద కూడా పడింది.

ఈ వెలుగులో చూస్తే వయోపరిమితి సడలింపును ఒట్టి వరంగా చూడలేం. తెలంగాణలో గరిష్ఠ వయసును 2022లో 34 నుంచి 44కు, 2024లో 46కు పెంచారు. ప్రభుత్వమే ఏళ్లు పోగొట్టింది కాబట్టి సడలింపు న్యాయమే. కానీ అది పోయిన ఏళ్లను తిరిగివ్వదు, ఎదురుచూపును పొడిగిస్తుంది. ఆగిపోవడానికి నలభై ఆరేళ్ల దాకా గడువుంటే, ముప్పై ఐదులో ఆగినవాడు తనంతట తానే ఓటమి ఒప్పుకున్నట్టు అవుతుంది. యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్‌లో ఏటా ముందే క్యాలెండర్ వస్తుంది, జనరల్ అభ్యర్థికి ఆరు ప్రయత్నాలని పరిమితి ఉంది. అక్కడా పోటీ తీవ్రమే, బాధా తీవ్రమే. అయినా ఎప్పుడు రాయాలో, ఎప్పుడు మానాలో లెక్క వేసుకోవచ్చు. మన రాష్ట్రాల్లో ఆ లెక్కకు ఆధారమే లేదు. 2024 ఆగస్టు 2న తెలంగాణ శాసనసభలో ప్రకటించిన జాబ్ క్యాలెండర్ తేదీలు కూడా నిలబడలేదు.

చేయగలిగినవాటిలో ఒకటి ఖర్చు లేనిది. ఫలితాలు వెలువడినప్పుడు కమిషన్లు ఎంపికైనవారి వివరాలు, కటాఫ్‌లు ఇస్తాయి. ఎంపిక కానివారి గురించి మార్కులు, ర్యాంకులకు మించి పెద్దగా ఏమీ ఇవ్వవు. పరీక్ష రాసినవారి సగటు వయసు ఎంత, డిగ్రీ అయ్యాక ఎన్నేళ్లకు రాశారు, రద్దయిన పరీక్ష రాసి మళ్లీ రాయనివారు ఎందరు, వారిలో మహిళలెందరు, కటాఫ్‌కు ఒక్క మార్కు దిగువన ఎందరు ఆగిపోయారు, ఆ శాఖలో నోటిఫికేషన్ ఇవ్వని ఖాళీలు ఇంకా ఎన్ని ఉన్నాయి: ఈ అంకెలు ప్రతి ఫలితంతోపాటు ఒక పేజీలో వస్తే, ‘రెండు మార్కులతో పోయింది’ అన్న కొడుకు దగ్గర తండ్రికి చెప్పడానికి మరో మాట ఉంటుంది, శాసనసభలో ప్రశ్న అడిగే సభ్యుడి దగ్గర ఆధారముంటుంది. సమాచారం కొత్తగా సేకరించాల్సిన పని కూడా లేదు. పుట్టిన తేదీ, డిగ్రీ పూర్తయిన సంవత్సరం, చదివిన మాధ్యమం, సొంత జిల్లా వంటి వివరాలన్నీ అభ్యర్థులు వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో, దరఖాస్తు ఫారాల్లో ఎప్పుడో నింపి ఇచ్చారు.